మిర్చి యార్డు, నాన్న డయాలసిస్: నాకు కుదిరిన పద్ధతి

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాని. నాన్నకి వారానికి 3 సార్లు డయాలసిస్, ఒక్కోసారి సుమారు 4 గంటలు, సీజన్‌లో సెలవడిగితే మా షావుకారు మొహం చూడాలి! మొదట సోమ, బుధ, శుక్రవారాలు ఇచ్చారు, మూడూ యార్డు రోజులే. మంగళ, గురు, శని బ్యాచ్‌లో ఖాళీ వస్తే చెప్పమని టెక్నీషియన్ వెంటపడి మార్పించుకున్నాను, శనివారం యార్డుకి సెలవు కాబట్టి ఒకరోజు టెన్షన్ తీరింది. మంగళవారం విజయవాడ నుంచి అక్క వస్తుంది (ఒక్కరోజేనా అనకండి, ఆవిడకీ మంచంలో అత్తగారున్నారు). గురువారం మధ్యాహ్నం షిఫ్టు అడిగాను: పొద్దున వేలంపాట అయ్యాక కాటాలు తోటి గుమాస్తా చూస్తాడు, రాత్రి అతని లెక్కలు నేను రాస్తాను. రోజులు మార్చేటప్పుడు మాత్రం మధ్యలో గ్యాప్ పెరగకుండా ముందు డాక్టర్‌ని అడగండి.