ఇంగ్లీషులో పరోక్ష కథనం - మూడో పాఠం: అడిగిన ప్రశ్నను తిరిగి చెప్పడం

ప్రశ్నలను పరోక్ష కథనంలోకి (ఇన్‌డైరెక్ట్ స్పీచ్, అంటే ఒకరి మాటలను కొటేషన్ గుర్తులు లేకుండా మన వాక్యంలో చెప్పడం) మార్చడం ఈ పాఠం విషయం. అయితే రెండో పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి మీరు పంపిన జవాబులు చూశాక, కాలాల మార్పు దగ్గరే చాలామంది తడబడ్డారని తెలిసింది. అది సరిచేసుకోకుండా ప్రశ్నల్లోకి దిగితే తప్పు మీద తప్పు పేరుకుపోతుంది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

కొటేషన్ గుర్తుల మధ్య ఏ క్రియ కనిపించినా దాన్ని ఒక మెట్టు వెనక్కి, అంటే 'ఈజ్'ను 'వాజ్' చేసినట్టు, నెట్టడమే ఎక్కువమంది చేసిన పొరపాటు. 'రవి సేస్, "ఐ యామ్ బిజీ"' అన్న వాక్యాన్ని 'రవి సేస్ దట్ హి వాజ్ బిజీ' అని మార్చారు. ఇక్కడ 'సేస్' వర్తమానంలో ఉంది, అంటే రవి ఇప్పుడే చెబుతున్నాడు, ఇప్పుడే తీరిక లేకుండా ఉన్నాడు. అందువల్ల 'రవి సేస్ దట్ హి ఈజ్ బిజీ' అన్నదే సరైన వాక్యం. 'వాజ్' పెడితే అంతకుముందు ఎప్పుడో తనకు తీరిక లేకపోయిందని రవి ఇప్పుడు చెబుతున్నట్టు అర్థం మారిపోతుంది. బయట 'సెడ్', 'టోల్డ్', 'ఆస్క్‌డ్' వంటి భూతకాల క్రియ ఉన్నప్పుడే లోపలి క్రియ కాలం గురించి ఆలోచించాలి.

రెండో తడబాటు ఎప్పటికీ నిజంగా ఉండే విషయాల దగ్గర వచ్చింది. నీరు వంద డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుందని మాస్టారు చెప్పారన్న వాక్యంలో 'బాయిల్స్' అన్న క్రియను 'బాయిల్డ్' చేయనక్కరలేదు. అలా మార్చినంత మాత్రాన వ్యాకరణం చెడిపోదు కూడా, కానీ మార్చకుండా ఉంచడమే సహజం. ఇలాంటి చోట ఏది ఎంచుకోవాలన్నది చెప్పేవారి చేతిలో ఉంటుంది, పైగా ఆ ఎంపికకు అర్థం కూడా ఉంటుంది. 'ద మినిస్టర్ సెడ్ దట్ ద బ్రిడ్జ్ ఈజ్ సేఫ్' అని విలేకరి రాస్తే వంతెన భద్రంగా ఉందన్న మాటను తానూ కొంత ఒప్పుకుంటున్నట్టు ధ్వనిస్తుంది. 'ద బ్రిడ్జ్ వాజ్ సేఫ్' అని రాస్తే అది మంత్రిగారి మాట, దాని బాధ్యత ఆయనదే. వార్తలు, మీటింగ్ మినిట్స్ రాసేవారు అందుకే ఎక్కువగా రెండో రూపాన్నే వాడతారు. ఏది పెట్టాలో తేల్చుకోలేనప్పుడు వెనక్కి జరిపిన రూపం వాడండి. అందులో మీకు ప్రమాదం తక్కువ.

1947 ఆగస్టు 14 రాత్రి నెహ్రూ చేసిన ప్రసంగంలోని వాక్యం మీద కూడా చాలా సందేహాలు వచ్చాయి. 'ఎట్ ద స్ట్రోక్ ఆఫ్ ద మిడ్‌నైట్ అవర్, వెన్ ద వరల్డ్ స్లీప్స్, ఇండియా విల్ అవేక్ టు లైఫ్ అండ్ ఫ్రీడమ్' అన్నది ఆయన మాట. 'విల్'ను 'వుడ్'గా అందరూ మార్చారు. 'స్లీప్స్' మాత్రం రోజూ జరిగేదే కదా అని కొందరు అలాగే వదిలేశారు. నెహ్రూ చెప్పింది లోకం నిద్రపోయే అలవాటు గురించి కాదు, రాబోయే ఆ ఒక్క అర్ధరాత్రి గురించి. కాబట్టి 'నెహ్రూ సెడ్ దట్ ఎట్ ద స్ట్రోక్ ఆఫ్ ద మిడ్‌నైట్ అవర్, వెన్ ద వరల్డ్ స్లెప్ట్, ఇండియా వుడ్ అవేక్ టు లైఫ్ అండ్ ఫ్రీడమ్' అని రెండు క్రియలూ కలిసి వెనక్కి జరగాలి. 'వుడ్', 'కుడ్', 'షుడ్', 'మైట్' ముందే ఆ మెట్టు మీద ఉన్నాయి కాబట్టి వాటిని కదపకండి. 'టోల్డ్' తరువాత ఎవరికి చెప్పారో ఆ మనిషి తప్పకుండా రావాలని మొదటి పాఠంలో చెప్పుకున్నాం కాబట్టి 'హి టోల్డ్ దట్' అన్న తప్పు మీద ఇక్కడ మళ్లీ ఆగడం లేదు.

ఇక ప్రశ్నల దగ్గరికి వద్దాం. చక్కగా ఇంగ్లీషు మాట్లాడేవారి నోట కూడా 'హి ఆస్క్‌డ్ మి వేర్ వాజ్ ఐ గోయింగ్' అన్న వాక్యం వినిపిస్తూ ఉంటుంది. పరోక్ష కథనంలో నన్ను అన్నిటికన్నా బాధించే తప్పు ఇదే. ఎందుకంటే దీని మూలం తెలివితక్కువతనంలో లేదు, మన భాష అలవాటులో ఉంది. అది ఎవరూ విడమరచి చెప్పకపోవడం వల్ల ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. తెలుగులో 'ఎక్కడికి వెళ్తున్నావు?' అన్న ప్రశ్నను చెక్కుచెదరకుండా తీసుకుని దాని చివర 'అని' చేర్చి 'అడిగాడు' అంటే సరిపోతుంది. ప్రశ్న లోపల ఏమీ కదలదు. ఆ అలవాటుతోనే మనం ఇంగ్లీషు ప్రశ్నను కూడా మొత్తంగా ఎత్తి 'ఆస్క్‌డ్ మి' పక్కన పెట్టేస్తాం. కొందరైతే 'అని'కి బదులుగా 'దట్' కూడా చేర్చి 'ఆస్క్‌డ్ మి దట్ వేర్ వాజ్ ఐ గోయింగ్' అంటారు. ఇంగ్లీషు దీనికి ఒప్పుకోదు. ప్రశ్న ఇంకో వాక్యంలో భాగమైన క్షణం నుంచి దాని లోపల మామూలు వాక్యపు వరసే ఉండాలి, అంటే కర్త ముందు, క్రియ తరువాత. 'హి ఆస్క్‌డ్ మి వేర్ ఐ వాజ్ గోయింగ్.' 'దట్' లేదు, చివర ప్రశ్నార్థకం కూడా లేదు.

ఉద్యోగ ఇంటర్వ్యూ గది నుంచి బయటికి వచ్చిన అభ్యర్థి, లోపల ఏమడిగారో తన తరువాత వంతు వారికి ఇంగ్లీషులో చెబుతున్నట్టు ఊహించుకోండి. 'వేర్ డు యు లివ్?' అని అడిగారు. చెప్పేటప్పుడు అది 'దే ఆస్క్‌డ్ మి వేర్ ఐ లివ్‌డ్' అవుతుంది. 'డు' పూర్తిగా పోయింది, ఎందుకంటే అది ప్రశ్న వేయడం కోసం మాత్రమే వచ్చిన సహాయక క్రియ. 'వేర్ డిడ్ ఐ లివ్' అని 'డు'ను 'డిడ్' చేసి ఉంచిన జవాబులు నాకు చాలా వస్తాయి. కాలం మార్చడం గుర్తుంచుకుని వరస మార్చడం మరిచిపోయిన గుర్తు అది. 'వై డిడ్ యు లీవ్ యువర్ లాస్ట్ జాబ్?' అన్న ప్రశ్న 'దే ఆస్క్‌డ్ మి వై ఐ హ్యాడ్ లెఫ్ట్ మై లాస్ట్ జాబ్' అవుతుంది. 'వాట్ ఈజ్ యువర్ ఎక్స్‌పెక్టెడ్ శాలరీ?' అన్నది 'వాట్ మై ఎక్స్‌పెక్టెడ్ శాలరీ వాజ్' అవుతుంది. 'వాజ్' వాక్యం చివర ఒంటరిగా మిగిలిపోవడం మన చెవికి అసంపూర్తిగా వినిపిస్తుంది కానీ అదే సరైనది.

'డు', 'డిడ్' ప్రతిసారీ పోతాయని కూడా అనుకోకండి. 'వై డోంట్ యు డ్రైవ్?' అని అడిగితే 'దే ఆస్క్‌డ్ మి వై ఐ డిడ్ నాట్ డ్రైవ్' అనాలి. ఇక్కడి 'డిడ్' ప్రశ్న కోసం కాదు, 'నాట్' కోసం నిలబడింది. 'హూ రెఫర్డ్ యు?' అన్న ప్రశ్నలో 'హూ' అన్నదే కర్త కాబట్టి వరస మార్చడానికి ఏమీ లేదు, 'దే ఆస్క్‌డ్ మి హూ హ్యాడ్ రెఫర్డ్ మి' అని కాలం ఒక్కటీ వెనక్కి జరిపితే చాలు.

ఈ తప్పును పట్టుకోవడానికి నేను వాడే దగ్గరి దారి ఒకటుంది. మీరు రాసిన వాక్యంలో 'ఆస్క్‌డ్ మి' వరకు వేలితో మూసేయండి. ప్రశ్న పదాన్ని కూడా మూసేయండి. మిగిలిన ముక్కను పైకి చదవండి. 'ఐ హ్యాడ్ లెఫ్ట్ మై లాస్ట్ జాబ్' అని మామూలు వాక్యంలా వినిపిస్తే మీరు రాసింది సరైనది. 'డిడ్ ఐ లీవ్ మై లాస్ట్ జాబ్' అని మళ్లీ ప్రశ్నలా వినిపిస్తే తప్పు. ఇదే పరీక్ష పరోక్ష కథనం కాని చోట కూడా పనికొస్తుంది. బస్టాండు ఎక్కడుందో మర్యాదగా అడగాలంటే 'కుడ్ యు టెల్ మి వేర్ ద బస్ స్టాండ్ ఈజ్?' అనాలి. 'వేర్ ఈజ్ ద బస్ స్టాండ్' అన్న వరస అక్కడ కూడా చెల్లదు. ఆ వాక్యం చివర ప్రశ్నార్థకం ఉండడానికి కారణం, బయటి వాక్యం కూడా ప్రశ్నే కావడం.

అవునో కాదో చెప్పమనే ప్రశ్నలకు ప్రశ్న పదం ఉండదు కాబట్టి ఆ ఖాళీలో 'ఇఫ్' గానీ 'వెదర్' గానీ వస్తుంది. 'కెన్ యు వర్క్ నైట్ షిఫ్ట్స్?' అన్నది 'దే ఆస్క్‌డ్ మి ఇఫ్ ఐ కుడ్ వర్క్ నైట్ షిఫ్ట్స్' అవుతుంది. 'హ్యావ్ యు ఎవర్ వర్క్‌డ్ ఇన్ చెన్నై?' అన్నది 'ఇఫ్ ఐ హ్యాడ్ ఎవర్ వర్క్‌డ్ ఇన్ చెన్నై' అవుతుంది. ఇలాంటి ప్రశ్నల్లో 'దట్ ఇఫ్', 'దట్ వెదర్' అన్న జంటలు చెల్లవు. మాటల్లో 'ఇఫ్', ఉత్తరాల్లో 'వెదర్' వాడడం నాకు ఇష్టం, కానీ అది నియమం కాదు.

ఆజ్ఞలు, అభ్యర్థనలు సులువు. 'ప్లీజ్ సిట్ డౌన్' అన్నది 'దే ఆస్క్‌డ్ మి టు సిట్ డౌన్' అవుతుంది, వద్దన్న చోట 'నాట్ టు' వస్తుంది. ఆశ్చర్యార్థకాలకు పాత గైడ్లు నేర్పిన 'ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ జాయ్' అన్న సూత్రాన్ని పరీక్ష కోసం రాయవలసి వస్తే రాయండి గానీ మాటల్లో ఎక్కడా వాడకండి. అలా ఎవరూ మాట్లాడరు.

కాలాన్ని సూచించే మాటలకు పట్టిక బట్టీ పట్టకండి. మీ మిత్రుడు సోమవారం 'ఐ విల్ కమ్ టుమారో' అన్నాడనుకుందాం. ఆ మాట అదే సోమవారం ఇంకొకరికి చెబితే 'హి సెడ్ హి వుడ్ కమ్ టుమారో' అన్నదే సరైనది. మంగళవారం చెబితే 'టుడే' అవుతుంది. నెల తరువాత చెబితేనే 'ద నెక్స్ట్ డే' అవుతుంది.

అభ్యాసం ఈసారి కష్టంగానే ఉంటుంది. ఏదైనా తెలుగు టీవీ ఇంటర్వ్యూలో పది నిమిషాలు వినండి. అందులోని ప్రశ్నలూ జవాబులూ కొటేషన్ గుర్తులు లేకుండా ఇంగ్లీషులో రాయండి. 'ఆస్క్‌డ్' అన్న మాటను మూడుసార్లకు మించి వాడకండి, మిగిలిన చోట్ల 'వాంటెడ్ టు నో', 'ఎన్‌క్వైర్డ్', 'వండర్డ్' వాడండి. అదంతా ఒకసారి ఇంటర్వ్యూ జరిగిన రోజే చెబుతున్నట్టు, ఇంకోసారి నెల తరువాత చెబుతున్నట్టు, మొత్తం రెండుసార్లు రాయాలి. దానితో పాటు ఈ ఒక్క వాక్యాన్ని కూడా మార్చి పంపండి, నాలుగో పాఠం దీనితోనే మొదలవుతుంది: 'ద మేనేజర్ సెడ్ టు లత, "డు యు నో వై సురేష్ డిడ్ నాట్ కమ్ ఎస్టర్డే?"'