ఉరిమినప్పుడల్లా పోతున్న డ్రిప్ కంట్రోలర్ బోర్డు: నా అనుభవం

మామిడి తోటలో వాల్వులు తిప్పడానికి నేనే ఒక బోర్డు చేసుకున్నాను. మోటారు షెడ్డులోని 12 వోల్టుల బ్యాటరీ నుంచి దానికి 30 మీటర్ల వైరు. తోట దగ్గర్లో పిడుగు పడితే చాలు, మర్నాటికి వోల్టేజీ తగ్గించి బోర్డుకు ఇచ్చే ఎల్‌ఎం2596 రెగ్యులేటర్ చచ్చి ఉండేది. అలా మూడు పోయాయి.

పెద్ద కెపాసిటర్ పెట్టాను, ఎర్త్ మార్చాను, వాల్వులకు 1ఎన్4007 డయోడ్లు వేశాను. లాభం లేదు.

చివరికి పనిచేసింది పీ6కేఈ18ఏ అనే టీవీఎస్ డయోడ్, అంటే సర్జ్‌ని (ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీని) పట్టి ఆపే డయోడ్. చార్జింగ్‌లో బ్యాటరీ 14.4 వోల్టుల దాకా పోతుంది, ఇది 15.3 దాకా కదలదు. సర్జ్ వస్తే 25.2 దగ్గర పట్టి ఆపుతుంది. రెగ్యులేటర్ 40 దాకా తట్టుకుంటుంది కాబట్టి మధ్యలో జాగా ఉంది.

ముందు ప్లస్ వైరులో 1 ఆంపియర్ ఫ్యూజ్ పెట్టాను. దాని తర్వాత, వైరు బోర్డులోకి వచ్చే చోటే, డయోడ్ గీత ఉన్న కాలు ప్లస్‌కి, రెండోది మైనస్‌కి. ఆ తర్వాతే రెగ్యులేటర్. తిరగేసి పెడితే కరెంటు ఇవ్వగానే ఫ్యూజ్ ఎగురుతుంది (నాది ఎగిరింది). కాళ్లు మాత్రం బాగా పొట్టిగా కత్తిరించండి. మొదట పొడుగ్గా వదిలేశాను, అప్పుడే మూడో రెగ్యులేటర్ పోయింది. అంత వేగంగా వచ్చే సర్జ్‌కి ఆ కాస్త తీగ కూడా అడ్డే.

ఒక వానాకాలం గడిచింది, బోర్డు బాగానే ఉంది. అదృష్టమూ కావచ్చు. పిడుగు నేరుగా వైరు మీదే పడితే ఈ 600 వాట్ల డయోడ్ ఏమీ చేయలేదు. 24 వోల్టుల బ్యాటరీ అయితే ఈ నంబరు అసలు వాడొద్దు.