మిషన్ ట్రిప్ మధ్యలో టీమ్‌కి విశ్రాంతి ఇలా ప్లాన్ చేయండి

చర్చి టీమ్ వేరే చోటికి సేవకు వెళ్లే మిషన్ ట్రిప్ రెండు వారాలదైతే ఏడో రోజో ఎనిమిదో రోజో సేవ పూర్తిగా ఆపేయండి, అలసిపోయాక చూద్దాంలే అనుకుంటే అప్పటికే మాటా మాటా పెరిగి ఉంటుంది. కాస్త దూరంగా ప్రశాంతమైన చోటు ముందే బుక్ చేసి, స్థానిక సంఘ పెద్దలకు ఆ తేదీ చెప్పేయండి, లేకపోతే వాళ్లు ప్రేమతోనే ఆ రోజూ మీటింగ్ పెట్టేస్తారు.

మొదటి పూట ఏ కార్యక్రమమూ వద్దు. నిద్రపోనివ్వండి. బైబిల్లో 1 రాజులు 19వ అధ్యాయంలో అలసిన ఏలీయా ప్రవక్తకు దేవదూత ముందు చూపించింది రొట్టె, నీళ్లు. ఆయన తిని మళ్లీ పడుకున్నాడు కూడా.

సాయంత్రం గుండ్రంగా కూర్చుని ఎవరికి ఏది బరువుగా ఉందో చెప్పనివ్వండి, మధ్యలో సలహాలు వద్దు. వంటా లెక్కలూ చూస్తూ ఏమీ మాట్లాడని వాళ్లుంటారే, వాళ్లను లీడర్ తప్పకుండా విడిగా పలకరించాలి.