లాగ్‌లో మిశ్రమం సరిగ్గానే ఉంది, ప్లగ్గులు మాత్రం నల్లబడుతున్నాయి: మ్యాప్ ముట్టుకునే ముందు ఎర్త్ చూడండి

మార్పులు చేసిన ఇంజనుకు ఇంట్లోనే ఈసీయూ (ఇంజనును నడిపించే కంప్యూటర్) ట్యూనింగ్ నేర్చుకుంటున్నవారు నా దగ్గరికి తెచ్చే సమస్య దాదాపు ఎప్పుడూ ఒకటే. ఇంజనుకు ఎప్పుడు ఎంత పెట్రోలు పోయాలో చెప్పే మ్యాప్ పగలు చక్కగా కుదురుతుంది, రాత్రికి కుదరదు. ఆ మ్యాప్‌ను రీడింగుల్ని బట్టి తానే దిద్దే ఆటోట్యూన్ ఇవాళ పెంచిన గడులను రేపు తగ్గిస్తుంది. లాగ్‌లో గాలి, పెట్రోలు నిష్పత్తి లక్ష్యానికి సరిపోతూనే ఉంటుంది కానీ సైలెన్సర్ దగ్గర పెట్రోలు వాసన వస్తుంది, ప్లగ్గులు విప్పితే మసి పట్టి ఉంటాయి. వెంటనే వారు వీఈ టేబుల్‌ను, అంటే మ్యాప్‌లోని పెట్రోలు పట్టికను, మొదటి నుంచి దిద్దడానికి కూర్చుంటారు. దయచేసి ఆ పని చేయకండి. ముందు ఇంజను నడుస్తుండగా వైడ్‌బ్యాండ్ గేజ్ (ఎగ్జాస్ట్‌లోని సెన్సర్‌ను బట్టి మిశ్రమాన్ని చూపే మీటరు) మీద కనిపించే అంకెను, లాప్‌టాప్‌లో నమోదవుతున్న అంకెను పక్కపక్కన పెట్టి చూడండి. అర నిమిషం కూడా పట్టని ఈ పనిని వదిలేసి వారాల తరబడి మ్యాప్‌తో కుస్తీ పట్టినవారిని నేను చాలామందిని చూశాను.

స్పార్క్ బేస్ టైమింగ్‌ను టైమింగ్ లైటుతో సరిచూశారని, ఇంజెక్టర్ల సైజు, ఫ్యూయల్ ప్రెషర్ సరిగ్గా నింపారని అనుకుంటున్నాను. ఇంజనులోకి వెళ్లే గాలి పీడనాన్ని కొలిచే మానిఫోల్డ్ ప్రెషర్ సెన్సర్ గురించి మాత్రం ఒక్క మాట చెప్పాలి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది కాబట్టి, ఇంజను స్టార్ట్ చేయకుండా కీ ఆన్ చేసినప్పుడు ఆ సెన్సర్ ఇక్కడ 95 కిలోపాస్కల్స్ దరిదాపుల్లో చూపాలి. వీడియోల్లో 101 కనిపించింది కదా అని కాలిబ్రేషన్‌ను లాగి 101కి తెచ్చినవారి టేబుల్ అంతా ఆ మేరకు పక్కకు జరిగిపోతుంది.

గేజ్, లాప్‌టాప్ రెండూ ఒకే అంకె చూపుతూ, ఆ అంకె ఐడిల్‌లో మాత్రమే లీన్‌గా (పెట్రోలు తక్కువగా) ఉండి, యాక్సిలరేటర్ నొక్కగానే సర్దుకుంటుంటే, సాధారణంగా ఎగ్జాస్ట్ పైపులో వైడ్‌బ్యాండ్ సెన్సర్‌కు ముందున్న జాయింటులో లీకు ఉంటుంది. ఎగ్జాస్ట్ పల్స్‌ల మధ్య బయటి గాలి లోపలికి వచ్చి సెన్సర్‌ను మోసం చేస్తుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి, సైలెన్సర్ మూతిని మందపాటి గుడ్డతో ఒక్క క్షణం అదిమితే ఆ జాయింటు బుసకొడుతుంది. ప్యాకింగ్ మార్చండి, అంతే. మిస్‌ఫైర్ అవుతున్న సిలిండర్ కూడా లీన్‌గానే కనిపిస్తుంది, ఎందుకంటే మండని ఆక్సిజన్ అలాగే బయటికి వచ్చేస్తుంది. అక్కడ పెట్రోలు పెంచితే మిస్‌ఫైర్ పోదు, ప్లగ్గు, కాయిల్ చూడాలి.

ఈ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపినది) విషయంలోనూ చాలామంది తికమకపడుతున్నారు. దాని స్టాయికియోమెట్రిక్ నిష్పత్తి, అంటే పూర్తిగా మండడానికి సరిపడే గాలి, ఇంధనం నిష్పత్తి, సుమారు 13.5 అన్నది నిజమే. అయితే వైడ్‌బ్యాండ్ కొలిచేది లాంబ్డాను (ఉన్న నిష్పత్తి ఆ సరిపడే నిష్పత్తికి ఎన్ని రెట్లో చెప్పే అంకె), గేజ్ దాన్ని 14.7తో గుణించి చూపుతుంది, కాబట్టి ఏ ఇంధనం పోసినా లాంబ్డా 1 దగ్గర ఆ గేజ్ మీద 14.7 అనే కనిపిస్తుంది. లక్ష్యాలను లాంబ్డాలో పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు.

ఇక గేజ్ ఒకటి, లాప్‌టాప్ ఇంకొకటి చూపితే దాదాపు ప్రతిసారీ అది ఎర్త్ (కరెంటు తిరిగి వెళ్లే నెగటివ్ కనెక్షన్) దోషమే. దీన్ని నేను చాలా ఖరీదుగా నేర్చుకున్నాను. ఉప్పల్‌లో మా ఇంటి ముందు ఒక పాత సెడాన్‌కు కంపెనీ ఈసీయూ బదులు స్టాండలోన్ ఈసీయూ పెట్టి, డాష్‌బోర్డులో చోటు లేక గేజ్‌ను గ్లవ్‌బాక్సులో పడేసి, లాప్‌టాప్‌ను మాత్రమే నమ్మి మూడు వారాంతాలు ట్యూన్ చేశాను. లాగ్ అద్దంలా ఉంది. ప్లగ్గులు బొగ్గులా ఉన్నాయి, డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పెట్రోలు వాసన వేసింది. చివరికి ఒక రాత్రి హెడ్‌లైట్లు వేసి, గ్లవ్‌బాక్సు తెరిచి ఉంచి కూర్చున్నాను. రేడియేటర్ ఫ్యాను తిరగడం మొదలైన అదే క్షణంలో లాప్‌టాప్‌లో అంకె 13.0 నుంచి 13.6కి ఎగబాకింది, గేజ్ మీద 12.9 కదలనే లేదు. ఫ్యాను ఆగింది, లాప్‌టాప్ మళ్లీ 13.0కి దిగింది.

జరుగుతున్నది ఇది. సెన్సర్‌ను నడిపే వైడ్‌బ్యాండ్ కంట్రోలర్ తన రీడింగును 0 నుంచి 5 వోల్టుల సిగ్నల్‌గా పంపుతుంది. ఆ 5 వోల్టులు 10 నుంచి 20 వరకు ఉన్న నిష్పత్తికి సమానమైతే, ఒక వోల్టుకు 2 పాయింట్లు. నేను కంట్రోలర్ ఎర్త్‌ను డాష్‌బోర్డు కింద బాడీకి, ఈసీయూ ఎర్త్‌ను ఇంజను బ్లాకుకు బిగించాను. ఫ్యాను, లైట్ల కరెంటు బాడీ గుండా ఆల్టర్నేటర్‌కు తిరిగి వెళ్లేటప్పుడు, బాడీకి బ్లాకుకు మధ్యనున్న స్ట్రాప్ (రెంటినీ కలిపే ఎర్త్ వైరు) కింద పెయింటు అడ్డం ఉండడంతో అక్కడ 0.35 వోల్టులు నిలిచిపోయాయి. ఈసీయూ దాన్ని 0.7 లీన్‌గా చదివింది, ఆటోట్యూన్ విధేయంగా పెట్రోలు పోసింది. ఎర్త్‌లు ఇందుకు తిరగేసి ఉంటే ఇంకా ప్రమాదం: లాగ్ రిచ్ (పెట్రోలు ఎక్కువ) అంటుంది, ఆటోట్యూన్ పెట్రోలు కోస్తుంది, లోడ్ మీద ఇంజను నాకింగ్‌కు దిగి పిస్టన్ దెబ్బతినే దాకా వస్తుంది.

కొలవడం తేలిక. ఇంజను నడుస్తుండగా ఫ్యాను, హెడ్‌లైట్లు, బ్లోయర్ అన్నీ ఆన్ చేసి, మల్టీమీటర్ ఒక కొసను ఈసీయూ ఎర్త్ దగ్గర, మరో కొసను కంట్రోలర్ ఎర్త్ దగ్గర పెట్టండి. 0.02 వోల్టులు దాటితే బాగుచేయాల్సిందే. ఇంజను ఆపి ఓమ్స్‌లో కొలిచి బాగుందనుకోవడం వృథా, కరెంటు పారుతున్నప్పుడే ఈ దోషం బయటపడుతుంది.

స్ట్రాప్ బోల్టులు విప్పి, రింగు టెర్మినల్ కూర్చునే చోట పెయింటు పోయి లోహం మెరిసేదాకా ఎమెరీ పేపరుతో రుద్ది బిగించండి. కంట్రోలర్‌కు రెండు ఎర్త్ వైర్లుంటే, సెన్సర్ హీటర్ వైరును ఈసీయూ పవర్ ఎర్త్ ఉన్న బోల్టుకే, సిగ్నల్ వైరును ఈసీయూ సెన్సర్ ఎర్త్‌కు ఇవ్వండి. హీటర్ కరెంటును సెన్సర్ ఎర్త్‌లోకి ఎప్పుడూ పంపకండి. ఒకే వైరు ఉంటే అది ఈసీయూ బోల్టుకే వెళ్లాలి. రీడింగును వోల్టులుగా కాక క్యాన్ (డిజిటల్ డేటా లైను) ద్వారా పంపే కంట్రోలరైతే ఈ బెడదే ఉండదు. సాఫ్ట్‌వేర్‌లో కాలిబ్రేషన్ జరిపి తేడాను కప్పిపుచ్చడం మాత్రం తప్పు, ఎందుకంటే ఫ్యాను ఆగిన మరుక్షణం ఆ తేడా మారిపోతుంది.

ఒక్కటి గమనించండి. లైట్లు వేయగానే గేజ్, లాప్‌టాప్ రెండూ కలిసి లీన్ వైపు కదిలితే అది ఎర్త్ దోషం కాదు. వోల్టేజీ పడిపోయి ఇంజెక్టర్లు ఆలస్యంగా తెరుచుకుంటున్నాయని అర్థం, డెడ్ టైమ్ (ఇంజెక్టర్ తెరుచుకోవడంలో జరిగే ఆలస్యం) టేబుల్ సరిచేయండి. సెన్సర్ చెడిపోవడం, ఈసీయూ బోర్డు పోవడం ఉంటాయి గానీ, ఇవన్నీ చూసేదాకా వాటి జోలికి వెళ్లకండి.

ఎర్త్ కుదిరాక పాత మ్యాప్‌ను అలాగే కొనసాగించవద్దు, అందులోని ప్రతి గడీ అబద్ధపు అంకెతో దిద్దినదే. ఆటోట్యూన్‌కు ముందు దాచిన కాపీని లోడ్ చేసి, ఆయిల్ పెట్రోలు వాసన వేస్తుంటే మార్చి, ఫ్యాను తిరిగినప్పుడు, ఆగినప్పుడు రెండు అంకెలూ ఒకటిగానే ఉన్నాయని చూసుకున్న తరువాతే ఆటోట్యూన్ ఆన్ చేయండి.