ఒకటి తగిలించాకే రెండోది

ఇటలీలోని డోలమైట్స్ కొండల్లో వియా ఫెరాటా, అంటే ఇనుప తాడు బిగించిన కొండదారి, ఎక్కబోయేవారికి ఒక మాట. రాతికి బిగించిన ఇనుప తాడుకు నడుము పట్టీ నుంచి రెండు కారబైనర్లు (వాటంతటవే మూసుకునే కొక్కేలు) తగిలించుకుని ఎక్కుతాం కదా, తాడును పట్టి ఉంచే మేకు వచ్చినప్పుడల్లా వాటిని అవతలికి మార్చాలి. ముందు ఒకదాన్ని తీసి మేకుకు అవతల తగిలించండి. అది ‘టక్’మని మూసుకున్నాకే రెండోదాన్ని ముట్టుకోండి. రెండూ ఒకేసారి తీస్తే ఆ క్షణం మిమ్మల్ని పట్టుకునేది మీ చేతులే. దిగువన జాగ్రత్తగా ఉన్నవాళ్లే పైకొచ్చి, చేతులు పీకుతున్నప్పుడు ఈ తొందర పడతారు.

రెండు మేకుల మధ్య ఒక్కరే ఉండాలి. నిలువు తాడు మీద జారితే కింది మేకు దాకా పడతాం. ఆ ఊపును మింగడానికే ఈ కారబైనర్ల సెట్టులో చిరిగే కుట్టుపట్టీ ఉంటుంది. అది ఒకసారి చిరిగిందా, సెట్టు మార్చాల్సిందే, ఎంత ఖరీదైనా సరే. 2017 నాటి ఈఎన్ 958 యూరప్ ప్రమాణంలో ఈ సెట్లకు పరీక్షలు 40 నుంచి 120 కిలోల బరువుకే. అందుకే అంతకన్నా తేలికైన పిల్లలకు పైనుంచి విడిగా తాడు వేసి పట్టుకుంటారు.

అన్నట్టు, వేసవిలో అక్కడ ఉరుములు ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే. పిడుగు పడేవేళ ఇనుప తాడు పట్టుకుని ఉండకూడదు కాబట్టి తెల్లవారగానే బయల్దేరండి.