బుడ్డల్లో క్రోమోజోములు డబులైంది మైక్రోస్కోపులో చూడటం ఎట్లంటే

అనంతపురం జిల్లాలో బుడ్డలకు (శెనక్కాయలకు) కరువా, మామూలు శెనక్కాయ విత్తనాలు కొన్ని తడిగుడ్డలో కట్టిపెట్టండి. వేర్లు ఒకటి రెండు సెంటీమీటర్లు రాగానే పొద్దున్నే కొసలు కోయండి, కణాలు విడిపోతా ఉండేది ఆ కొసల్లోనే, ఇంకెక్కడ కోసినా దండగ.

కొసల్ని మూడు పాళ్లు ఆల్కహాల్, ఒక పాలు ఎసిటిక్ యాసిడ్ కలిపిన దాంట్లో ఒక రోజు నానబెట్టి, వేడి పలచని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో కొన్ని నిమిషాలు ఉంచి మెత్తబరచండి (గ్లౌజులు, కళ్లద్దాలు ఉండాల, ఇది కాలేజీ ల్యాబులోనే, ఇంట్లో వద్దు). తర్వాత ఎసిటోకార్మిన్ రంగు వేసి, కవర్‌స్లిప్ పెట్టి, బొటనవేలితో నేరుగా అదమాల, పక్కకు జరిపితే అంతా నలిగిపోతుంది.

బాగొస్తే 40 క్రోమోజోములు లెక్కకొస్తాయి. దక్షిణ అమెరికాలో 20 క్రోమోజోముల అడవి జాతులు రెండు కలిసి, ఆ సంకరంలో మొత్తం సెట్టు డబులై మన పంట పుట్టింది, 2019లో దీని జీనోమ్ (మొత్తం డీఎన్‌ఏ వరస) కూడా అచ్చయింది. డబుల్ కాకపోతే ఆ సంకరం గొడ్డుదే, జతలు కుదరవు కదా. డబులయ్యాక ప్రతి జీన్‌కూ అదనపు కాపీ ఉంటుంది, ఒకటి పాత పని చూస్తాంటే ఇంకోటి మారిపోవచ్చు, లేదా పోవచ్చు కూడా, ఎక్కువగా పోయేదే. పూలమొక్కల చరిత్రలో ఇట్లా మళ్లీ మళ్లీ జరిగింది.

ఒక చిక్కుంది, 40 క్రోమోజోముల మన పంటను 20 క్రోమోజోముల అడవి జాతితో నేరుగా సంకరం చేస్తే 30 వచ్చి గొడ్డుపోతుంది, అందుకే ఆకుమచ్చ తెగులు తట్టుకునే గుణం అడవి జాతుల్నుంచి తేవాలంటే బ్రీడర్లు ముందు కాల్చిసిన్ అనే రసాయనంతో క్రోమోజోముల సెట్టు డబుల్ చేసుకుంటారు. కాల్చిసిన్ విషం, దాని జోలికి మీరు పోవద్దండి.