పాత పాకెట్ రివాల్వర్‌కు ఏ తూటా? సమస్యను బట్టి కారణం, పరిష్కారం

పాత పాకెట్ రివాల్వర్ చేతికి రాగానే చాలామంది బ్యారెల్ మీద అంకె చూస్తారు, ఆ అంకె ఉన్న తూటా తెచ్చి సిలిండర్‌లో పెట్టి చూస్తారు. దూరింది కాబట్టి సరైనదే అనుకుంటారు. ప్రమాదం సరిగ్గా అక్కడే మొదలవుతుంది. 1870ల నుంచి 1910ల దాకా వచ్చిన చిన్న రివాల్వర్లలో తనవి కాని తూటాలు కూడా ఇబ్బంది లేకుండా దూరతాయి. తూటా పట్టడం ఒక ఆధారమే, రుజువు మాత్రం కాదు. కింద చెప్పేవన్నీ ఆ రుజువు ఎలా సంపాదించాలన్న దాని గురించే.

ముందుగా ఒక మాట. ఏ పరీక్ష మొదలుపెట్టినా సిలిండర్ తెరిచి ప్రతి ఛాంబర్‌నూ (తూటా కూర్చునే రంధ్రం) కంటితో చూసి, వేలితో తడిమి, ఖాళీ అని తేల్చుకోండి. పాత వస్తువు కదా, తూటా ఉండదులే అనుకోవద్దు.

సమస్య: బ్యారెల్ మీద "32" లేదా "38" అని మాత్రమే ఉంది, లేదా ఏమీ లేదు

ఆ రోజుల్లో చౌక రివాల్వర్ల మీద పూర్తి తూటా పేరు కొట్టే అలవాటు తక్కువ. ఉన్న పేరు కూడా చాలాసార్లు అమ్మినవాళ్లది, తయారుచేసినవాళ్లది కాదు. ఉదాహరణకు "యు.ఎస్. రివాల్వర్ కంపెనీ" అన్న ముద్ర ఉన్నవి ఐవర్ జాన్సన్ కంపెనీ తన చౌక రకానికి వేరే పేరు పెట్టి అమ్మినవి. బ్యారెల్ మీద కనిపించే తేదీలను కూడా నమ్ముకోవద్దు. అవి పేటెంట్ తేదీలు. 1887 అని ఉన్న రివాల్వర్ 1905లో తయారై ఉండొచ్చు.

అంకెను పక్కన పెట్టి హ్యామర్ (ట్రిగ్గర్ నొక్కితే తూటాను కొట్టే భాగం) చూడండి. దాని ముక్కు తూటా అంచు మీద పడేలా, చదునుగా ఉలి అంచులా ఉంటే అది రిమ్‌ఫైర్. నడిమధ్యన పడేలా మొనగా ఉంటే సెంటర్‌ఫైర్. సిలిండర్ వెనక అంచున ప్రతి ఛాంబర్‌కూ పైన చిన్న గాడి ఉంటే అది పిన్‌ఫైర్. లెఫోషో పద్ధతిది అన్నమాట. తూటా పక్క నుంచి బయటికి పొడుచుకొచ్చే పిన్ను కోసమే ఆ గాడి. ఈ ఒక్క పరిశీలనతోనే సగం అనుమానాలు తీరిపోతాయి. ట్రిగ్గర్ గార్డ్ లేకుండా, కొక్కెం లాంటి ట్రిగ్గర్‌తో వచ్చిన 1870ల, 80ల చౌక రివాల్వర్లలో .32 రిమ్‌ఫైర్, .38 రిమ్‌ఫైర్ చాలా ఉన్నాయి. ఆ తూటాలు ఈ రోజుల్లో మామూలుగా దొరకవు. దొరకలేదని వాటి స్థానంలో ఇంకోటి పెట్టే ప్రయత్నం చేయకండి.

సెంటర్‌ఫైర్ అని తేలితే వెర్నియర్ క్యాలిపర్ తీసుకుని ఛాంబర్ నోటి వెడల్పు, సిలిండర్ పొడవు కొలవండి. లోపలికి టార్చి వేస్తే చాలా ఛాంబర్లలో ఒక మెట్టు కనిపిస్తుంది. తూటా కేస్ (ఇత్తడి గొట్టం) అక్కడి దాకానే, ఆ ముందు సన్నబడిన దారి బుల్లెట్‌ది. వెనక అంచు నుంచి ఆ మెట్టు దాకా ఉన్న లోతు కేస్ పొడవుకు దగ్గరగా ఉంటుంది. .32 స్మిత్ అండ్ వెసన్ కేస్ సుమారు 15.5 మి.మీ., .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్ 23.4 మి.మీ., .38 స్మిత్ అండ్ వెసన్ 19.7 మి.మీ., .38 స్పెషల్ 29.3 మి.మీ. లోతు ఈ నాలుగింటిలో దేనికి దగ్గరగా ఉందో చూస్తే దారి దొరుకుతుంది.

మెట్టు సరిగా కనిపించకపోతే గన్‌స్మిత్‌తో (తుపాకులు బాగుచేసే నిపుణుడు) ఛాంబర్ అచ్చు తీయించండి. దీనికి సెర్రోసేఫ్ అనే, తక్కువ వేడికే కరిగే లోహం వాడతారు. వేడి నీళ్ల వేడి చాలు, రివాల్వర్‌కు హాని ఉండదు. పోశాక అది ముందు కొంచెం కుంచించుకుని, తర్వాత నెమ్మదిగా పెరుగుతుంది. ఛాంబర్ అసలు కొలత రావాలంటే సుమారు గంట తర్వాత కొలవాలి. నా అభిప్రాయంలో పేరు తెలియని ఏ రివాల్వర్‌కైనా ఈ అచ్చును మించిన సాక్ష్యం లేదు.

సమస్య: తూటా దూరింది కానీ వదులుగా కదులుతోంది

.32 అన్న పేరుతో కనీసం మూడు వేర్వేరు కుటుంబాలున్నాయి. .32 కోల్ట్ కేస్ వెడల్పు సుమారు 8.1 మి.మీ., .32 స్మిత్ అండ్ వెసన్‌ది 8.5 పైన. అందుకే కోల్ట్ తూటా స్మిత్ ఛాంబర్‌లో గలగలలాడుతుంది, స్మిత్ తూటా కోల్ట్ ఛాంబర్‌లోకి అసలు పోదు. ఈ వదులు కనిపిస్తే తూటా తప్పని అర్థం.

అంతకన్నా ప్రమాదకరమైనది .32 ఏసీపీ, అంటే 7.65 బ్రౌనింగ్. ఇది ఆటోమేటిక్ పిస్టల్ తూటా. దీని అంచు కేస్ కన్నా కాస్త వెడల్పు, కాబట్టి .32 స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్లో చక్కగా కూర్చుంటుంది, పేలుతుంది కూడా. కానీ దాని పీడనం ఆ పాత రివాల్వర్ తట్టుకోవడానికి తయారైన దానికన్నా చాలా ఎక్కువ. "పేలింది, ఏమీ కాలేదు" అనే మాట ఇలాంటివాటి దగ్గరే ఎక్కువ వినిపిస్తుంది. లాచ్ (రివాల్వర్‌ను మూసి పట్టే కొక్కెం) సాగడం, సిలిండర్ వదులవ్వడం ఒక్క దెబ్బతో కంటికి కనబడవు.

బ్రిటిష్ బుల్‌డాగ్ అనే పొట్టి పాకెట్ రివాల్వర్ రకాల మీద "380" అని ఉంటే కూడా ఇదే జాగ్రత్త. అది .380 రివాల్వర్ తూటా, .380 ఏసీపీతో సంబంధం లేదు.

సమస్య: తూటా ముందు నుంచి బయటికొస్తోంది, సిలిండర్ తిరగడం లేదు

తూటా పొడవైనది. ఐదు తూటాలు పట్టే చిన్న ఫ్రేమ్ .32 రివాల్వర్లో 1896లో వచ్చిన .32 లాంగ్ పెడితే ఇలాగే అవుతుంది. 1878 నాటి పొట్టి .32 స్మిత్ అండ్ వెసన్ పెట్టాలి. తిరగేసి ఆలోచిస్తే, లాంగ్ ఛాంబర్‌లో పొట్టిది వాడొచ్చు, రెండింటి వెడల్పూ ఒకటే. .38 పాకెట్ రివాల్వర్లో .38 స్పెషల్ పెడితే కూడా ముక్కు బయటికొస్తుంది. బుల్లెట్ ముక్కు గీకి, కేస్ కోసి సరిపెట్టే పని మాత్రం పెట్టుకోవద్దు.

సమస్య: పేల్చిన కేసు కింద ఉబ్బింది లేదా చీలింది

ఒక కేసును బల్ల మీద నిలబెట్టి పక్క నుంచి చూడండి. అంచు పైన బొడ్డులా ఉబ్బు, దాని మీద సన్నని నిలువు చీలిక, చుట్టూ మసి. ఇది మామూలుగా .38 స్పెషల్ కేసు, .38 స్మిత్ అండ్ వెసన్ కోసం తయారైన రివాల్వర్లో పేలినప్పటి రూపం.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌కు వెళ్లిన స్మిత్ అండ్ వెసన్ విక్టరీ మోడల్ రివాల్వర్లు చాలా .38/200 కోసం వచ్చినవి. అది .38 స్మిత్ అండ్ వెసన్ కేసే. యుద్ధం తర్వాత మిగులు సరుకు అమ్మేవాళ్లు వాటిలో చాలావాటి ఛాంబర్లను ముందుకు తొలిచి .38 స్పెషల్ పట్టేలా చేశారు. కొన్నిటి బ్యారెల్ కూడా కోసి పాకెట్ సైజుకు తెచ్చారు. తొలిస్తే ముందు భాగం పొడవవుతుంది, వెనక భాగం మాత్రం మొదటి వెడల్పులోనే ఉండిపోతుంది. స్పెషల్ కేసు అడుగు సుమారు 9.6 మి.మీ., పాత ఛాంబర్ మొదలు 9.8 మి.మీ. కేసుకు తయారైంది. ఆ ఖాళీలోకే ఇత్తడి ఉబ్బి చీలుతుంది. బ్యారెల్ కూడా కొంచెం వెడల్పు కావడంతో గురి కూడా కుదరదు. ఇలాంటివి కాల్చడం ఆపి, గన్‌స్మిత్‌కు కేసులతో సహా చూపించండి.

సమస్య: తూటా పేరు కచ్చితంగా సరిపోయింది, అయినా కాల్చొచ్చా?

ఇది అందరూ వదిలేసే ప్రశ్న, అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. .32, .38 స్మిత్ అండ్ వెసన్ తూటాలు బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్ల మందు) రోజుల్లో పుట్టాయి. ఇప్పటి ఫ్యాక్టరీ తూటాల్లో ఉండేది స్మోక్‌లెస్ (పొగ తక్కువ వచ్చే) పౌడరే. పేరు, కొలతలు ఒకటే, లోపలి మందు వేరు. పీడనం పెరిగే తీరు కూడా వేరు. పాత రివాల్వర్ ఇనుము, లాచ్ ఆ తీరుకు తయారైనవి కావు.

ఐవర్ జాన్సన్ టాప్ బ్రేక్ (పై నుంచి విరిచి తెరిచే) రివాల్వర్లు దీనికి మంచి ఉదాహరణ. 1901లో అమెరికా అధ్యక్షుడు మెకిన్లీ మీద కాల్పులు జరిగింది ఈ కంపెనీ .32 తోనే. 1894, 95ల్లో వచ్చిన మొదటి మోడల్లో లాచ్ పట్టుకునే స్తంభం ఒకటే, 1896 నుంచి 1908 దాకా వచ్చిన రెండో మోడల్లో రెండు. ఈ రెండూ బ్లాక్ పౌడర్‌వి. 1909లో మొదలైన మూడో మోడల్ స్మోక్‌లెస్ కోసం గట్టిగా చేసినది. పిడి చెక్కలు విప్పితే తేడా తెలుస్తుంది. రేకు లాంటి చదును స్ప్రింగ్ ఉంటే పాతది, చుట్టల స్ప్రింగ్ ఉంటే మూడో మోడల్. పిడి మీద గుడ్లగూబ బొమ్మను చూసి తేల్చుకోకండి, పిడి చెక్కలు సులువుగా మారతాయి.

బ్రిటన్‌లో 1904 నుంచి స్మోక్‌లెస్ పరీక్షకు ఎన్‌పీ అన్న ముద్ర వేశారు. అది లేని పాత బుల్‌డాగ్‌ను బ్లాక్ పౌడర్‌దిగానే చూడండి. బెల్జియం తయారీలో కనిపించే, అండాకారంలోని ఈఎల్‌జీ ముద్ర లీజ్‌లో పరీక్ష జరిగిందని మాత్రమే చెబుతుంది. స్మోక్‌లెస్‌కు పనికొస్తుందని దాని అర్థం కాదు.

పరిష్కారం మొహమాటం లేకుండా చెప్పాలంటే, బ్లాక్ పౌడర్ కాలంది అయితే స్మోక్‌లెస్ తూటాతో కాల్చొద్దు. లాచ్, సిలిండర్ బిగువు గన్‌స్మిత్ పరీక్షించాక బ్లాక్ పౌడర్ నింపిన తూటాల గురించి ఆలోచించొచ్చు. లేదంటే అలమారలో పెట్టుకోండి. స్మోక్‌లెస్ మోతాదు తగ్గించి సరిపెట్టడం సొంత అంచనాతో చేసే పని కాదు.

సమస్య: ట్రిగ్గర్ నొక్కితే తూటా పేలడం లేదు

ముందు రివాల్వర్‌ను సురక్షిత దిశకు గురిపెట్టి కనీసం 30 సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలే అవకాశం ఉంది. తర్వాత దెబ్బ గుర్తు చూడండి. తేలికగా పడితే స్ప్రింగ్ బలహీనపడి ఉండొచ్చు లేదా లోపల పాత గ్రీజు గట్టిపడి ఉండొచ్చు. రిమ్‌ఫైర్‌లో అయితే ఛాంబర్ అంచును గోటితో తడమండి. ఖాళీగా ట్రిగ్గర్ నొక్కీ నొక్కీ హ్యామర్ అంచును నలగ్గొట్టి ఉంటుంది. అక్కడ లేచిన లోహపు అంచు తూటాను పూర్తిగా కూర్చోనివ్వదు.

సమస్య: టార్గెట్ మీద గుండ్రటి రంధ్రం కాకుండా పొడవాటి చిరుగు

బుల్లెట్ పక్కకు తిరిగి తగులుతోంది. బ్యారెల్ కన్నా బుల్లెట్ సన్నగా ఉండటమో, లోపలి గాళ్లు తుప్పుకు అరిగిపోవడమో కారణం. బ్యారెల్‌లోంచి మెత్తని సీసపు ముద్దను నెట్టి కొలిపిస్తే రెండింటిలో ఏది కారణమో తేలుతుంది.

సమస్య: కాల్చేటప్పుడు పక్కకు సీసపు తుంపరలు వస్తున్నాయి

ఛాంబర్, బ్యారెల్ ఒక వరసలో నిలవడం లేదు. ఖాళీ రివాల్వర్ హ్యామర్ వెనక్కి లాగి, ట్రిగ్గర్ నొక్కి పట్టి సిలిండర్‌ను వేళ్లతో కదిపి చూడండి. గమనించేంత ఊగితే సిలిండర్‌ను ఆపే భాగాలు అరిగాయి. వాటిని మార్పించేదాకా ఆ రివాల్వర్‌తో కాల్చకండి.